ల్యాబ్‌లో కీబోర్డు ఎవరి చేతిలో ఉంది?

ఇంజనీరింగ్ ఫస్టియర్ సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో వెనక వరసలో నిలబడి ఓ అరగంట గమనించండి. ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. కీబోర్డు మీద వేళ్లు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కరివే. పక్కనున్నవాళ్లు స్క్రీన్ చూసి ప్రోగ్రాంను అబ్జర్వేషన్ బుక్‌లోకి ఎక్కించుకుంటారు. అవుట్‌పుట్ వచ్చాక అదీ రాసుకుంటారు. సంతకం పెట్టించుకుంటారు. ల్యాబ్ అయ్యేసరికి అందరి పుస్తకాల్లోనూ ఆ వారం ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని సొంతంగా రాయగలిగేది మాత్రం ఒక్కరే. చాలాసార్లు ఆ ఒక్కరికీ అది ముందే వచ్చు.

కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో పిల్లలు కలిసి నేర్చుకోవాలి, ఎవరూ వెనకబడకూడదు అని అందరం అంటాం. కానీ ఈ రెండూ వాటంతట అవి కలిసి రావు. ఏ ఏర్పాటూ లేకుండా నలుగురిని ఒక గ్రూపులో వేస్తే, ముందు నుంచీ వచ్చినవాడు ఇంకా ముందుకు పోతాడు, రానివాళ్లు రాసుకునేవాళ్లుగా మిగిలిపోతారు. పని ఎలా పంచాం, మాట్లాడే అవకాశం ఎవరికి ఇచ్చాం, మార్కులు దేనికి వేశాం అన్న మూడింటి మీదే గ్రూపు మంచి చేస్తుందా చెడు చేస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది. ఈ మూడూ టీచర్ చేతిలో ఉన్నవే.

ఒకే క్లాసు, వేర్వేరు మొదళ్లు

మన దగ్గర సీఎస్‌ఈ క్లాసులో ఎవరెవరు కూర్చుంటారో చూడాలి. హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ స్కూల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చదివి వచ్చినవాడు ఒకడు. రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా, కంప్యూటర్ ముందు కూర్చునే వీలే లేకుండా వచ్చిన అమ్మాయి ఒకరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషుతో కుస్తీ పట్టి వచ్చినవాళ్లు కొందరు. వీళ్లందరికీ మొదటి రోజే ఒకే ల్యాబ్ మాన్యువల్ ఇస్తాం.

తేడా ఎక్కడ బయటపడుతుందంటే టైపింగ్ దగ్గర. కీబోర్డు మీద సెమికోలన్ ఎక్కడుందో, ఫ్లవర్ బ్రాకెట్ కొట్టాలంటే షిఫ్ట్ నొక్కాలో అక్కర్లేదో వెతుక్కుంటూ ఒకరు రెండు లైన్లు కొట్టేలోగా పక్కవాడికి ఓపిక అయిపోతుంది. "నువ్వు జరుగు, నేను కొడతాను" అంటాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. లేచి జరిగినవాళ్లు మళ్లీ ఆ కుర్చీలోకి రారు. వచ్చే వారం కూడా అదే వరస. ఆ సెమిస్టర్ చివరికి "నాకు కోడింగ్ రాదు" అన్నమాట వాళ్ల నోట్లో స్థిరపడిపోతుంది. నిజానికి వాళ్లకు రానిది టైపింగ్. ఆలోచన దగ్గరికి వెళ్లే అవకాశమే దొరకలేదు.

ముందే వచ్చిన అనుభవాన్ని తెలివి అనుకోవడం అన్న ఈ పొరపాటును చాలా జాగ్రత్తగా పరిశీలించినవాళ్లు అమెరికాలో ఉన్నారు. 1990ల రెండో సగంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు వందమందికి పైగా విద్యార్థులతో విడతలవారీగా మాట్లాడారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్‌తో గడిపిన అబ్బాయిలను చూసి, మంచి మార్కులు వస్తున్న అమ్మాయిలు కూడా "ఇది నాకు తగిన చోటు కాదేమో" అనుకోవడం వాళ్లకు పదేపదే కనిపించింది. ఆ తర్వాత యూనివర్సిటీ అడ్మిషన్లలో ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించింది, అనుభవం లేనివాళ్లు మొదలుపెట్టడానికి వేరే దారి వేసింది. 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు.

మన పరిస్థితి వేరు. ఇక్కడ సీఎస్‌ఈలో అమ్మాయిలు తక్కువేమీ కాదు. కంప్యూటర్ ఉద్యోగమంటే ఆఫీసులో కూర్చుని చేసేది, ఆడపిల్లకు మంచిది అని తల్లిదండ్రులే చేర్పిస్తారు. సీటు దగ్గర లేని తేడా పని పంచుకునే దగ్గర మొదలవుతుంది. ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురుంటే, కోడ్ ఒకరిద్దరు అబ్బాయిలు తీసుకుంటారు, డాక్యుమెంటేషన్, పీపీటీ అమ్మాయిలకు వెళ్తాయి. "వాళ్ల చేతిరాత బాగుంటుంది, నీట్‌గా చేస్తారు" అని దానికో కారణం కూడా ఉంటుంది. ఇక హాస్టల్ వేళలు. లేడీస్ హాస్టల్ గేటు సాయంత్రమే పడిపోతుంది. అసలు పని రాత్రి పది తర్వాత బాయ్స్ హాస్టల్‌లో ఎవరి గదిలోనో జరుగుతుంది. పొద్దున వచ్చేసరికి అమ్మాయిలకు అయిపోయిన ప్రోగ్రాం కనిపిస్తుంది, అది ఎలా అయిందో తెలియదు. దీన్ని ఎవరూ కుట్రగా చేయడం లేదు. పని క్లాసు వేళల బయటికి వెళ్లినప్పుడల్లా ఇలాగే అవుతుంది. అందుకే గ్రూపు పనిలో కష్టమైన భాగం ల్యాబ్ వేళల్లోనే, అందరి ముందే జరిగేలా చూడాలి.

జంటగా రాయడం ఎలా పనిచేస్తుంది

దీనికి బాగా పరీక్షించి చూసిన పద్ధతి పెయిర్ ప్రోగ్రామింగ్. 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో పేరొచ్చిన పద్ధతి ఇది. దాదాపు అదే సమయంలో యూటా యూనివర్సిటీలో లారీ విలియమ్స్ దీన్ని విద్యార్థుల మీద ప్రయోగించి చూశారు. ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు. కీబోర్డు పట్టుకున్నవాళ్లు డ్రైవర్. పక్కనున్నవాళ్లు నావిగేటర్: తర్వాత ఏం రాయాలో చెప్పడం, తప్పు పట్టుకోవడం, "ఇక్కడ సున్నా వస్తే ఏమవుతుంది?" అని అడగడం వాళ్ల పని. కొంతసేపయ్యాక ఇద్దరూ చోట్లు మారతారు.

2000ల మొదట్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా క్రజ్ క్యాంపస్‌లో ఫస్ట్ ప్రోగ్రామింగ్ కోర్సు మీద జరిగిన అధ్యయనాలు నాకు చాలా ముఖ్యమనిపిస్తాయి. జంటగా చేసినవాళ్లు కోర్సు మధ్యలో వదిలేయకుండా చివరి పరీక్ష దాకా ఎక్కువమంది నిలబడ్డారు. తర్వాత కంప్యూటర్ సైన్స్‌లో కొనసాగినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. చివరి పరీక్ష ఎవరికి వారే రాశారు, అందులో జంటవాళ్లు వెనకబడలేదు. "ఇద్దరూ కలిసి చేస్తే ఒకడు నేర్చుకోడు" అన్న భయానికి ఇది జవాబు. అయితే అక్కడ నియమాలు పాటించారన్నది మరిచిపోకూడదు. మన ల్యాబుల్లో ఇద్దరు ఒక సిస్టమ్ దగ్గర కూర్చోవడం ఎప్పటి నుంచో ఉంది. చోట్లు మారడం ఒక్కటే లేదు.

మార్పించడం చెప్పినంత తేలిక కాదు. "మధ్యమధ్యలో మారండి" అంటే ఎవరూ మారరు. పదిహేను నిమిషాలకోసారి టీచరే గట్టిగా చెప్పాలి, లేదా ప్రొజెక్టర్ మీద టైమర్ పెట్టాలి. నావిగేటర్ కీబోర్డు ముట్టుకోకూడదు, మౌస్ కూడా. డ్రైవర్ తనకు తోచింది తోచినట్టు కొట్టేయకూడదు, నావిగేటర్ నోటితో చెప్పిన తర్వాతే కొట్టాలి. మొదటి రెండు వారాలు ఇది అందరికీ చిరాకుగా ఉంటుంది. వచ్చినవాడికి మరీ చిరాకు, ఎందుకంటే ఐదు నిమిషాల్లో అయ్యేదానికి అరగంట పడుతోంది. ఆ చిరాకును భరించాల్సిందే. తెలిసిన విషయాన్ని మాటల్లో పెట్టి ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే తనకెంత అర్థమైందో వాడికీ తెలుస్తుంది.

జంటలు ఎవరితో ఎవరిని వేయాలి? మనకు అలవాటైన పద్ధతి టాపర్‌నూ, బ్యాక్‌లాగ్స్ ఉన్నవాణ్నీ కలపడం. ఉద్దేశం మంచిదే కానీ నేను దీన్ని సమర్థించను. ఇద్దరి మధ్య దూరం మరీ ఎక్కువైతే ఒకరు చెబుతారు, ఒకరు తలూపుతారు. దగ్గర దగ్గర స్థాయిలో ఉన్న ఇద్దరిని కలిపితే ఇద్దరూ తడబడతారు, ఇద్దరూ వాదించుకుంటారు, ఇద్దరికీ కీబోర్డు దొరుకుతుంది. రెండు మూడు వారాలకోసారి జంటలు మార్చాలి. స్నేహితులు స్నేహితులతోనే కూర్చుంటామంటే, క్లాసులో ఎవరితోనూ స్నేహం కుదరని ఒకరిద్దరు ప్రతిసారీ చివర్లో మిగిలిపోతారు. అందరి ముందు మిగిలిపోవడం ఎంత బాధో చెప్పక్కర్లేదు. అందుకే జంటల జాబితా టీచరే వేసి, ల్యాబ్ తలుపు మీద అంటించాలి.

ఈ జంటలు ఏ భాషలో మాట్లాడుకోవాలి అన్నదానికి నా దగ్గర మొహమాటం లేని జవాబుంది: తెలుగులో. కోడ్ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆలోచన తెలుగులో నడిస్తే తప్పేంటి? ల్యాబ్‌లో ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం పెడితే, ఇంగ్లీషు తడబడే పిల్లలు సందేహం ఉన్నా నోరు విప్పరు. నావిగేటర్ నోరు విప్పకపోతే పెయిర్ ప్రోగ్రామింగే లేదు. ఇంజనీరింగ్‌ను భారతీయ భాషల్లో చెప్పుకోవచ్చని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2021లోనే వీలు కల్పించింది. కోర్సంతా మార్చకపోయినా, బెంచీ దగ్గర మాట మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న సరిగ్గా ఉంటేనే చర్చ

ల్యాబ్ సంగతి ఇది. అరవై మంది ఉన్న థియరీ క్లాసులో ఏం చేయాలి? 1990ల మొదట్లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకుని మళ్లీ ఎంచుకుంటారు. ఆ తర్వాతే టీచర్ వివరిస్తారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నాలుగు కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లో ఈ పద్ధతి వాడినప్పుడు ఫెయిలయ్యేవాళ్ల శాతం సగానికి పైగా తగ్గిందని 2013లో అక్కడి పరిశోధకులు చూపించారు.

అంతా ప్రశ్నలోనే ఉంది. ఒకటి చూద్దాం. ఎక్స్ అనే వేరియబుల్‌లో, అంటే విలువ దాచుకునే గడిలో, 5 పెట్టాం. తర్వాతి లైనులో వై ఈక్వల్స్ ఎక్స్ అని రాశాం. మూడో లైనులో ఎక్స్‌ని 10 చేశాం. ఇప్పుడు వై విలువ ఎంత? ఎంపీసీ నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది 10 అంటారు. వాళ్ల తర్కం బలంగానే ఉంటుంది: వై, ఎక్స్ సమానం అన్నారు కదా, ఎక్స్ మారితే వై మారాలి కదా! లెక్కల్లో అది నిజం. ప్రోగ్రాంలో ఆ గుర్తుకు అర్థం "కుడివైపు విలువను ఇప్పుడు ఎడమవైపుకి కాపీ చెయ్యి" అని. ఆ క్షణం దాటాక రెండింటికీ సంబంధం లేదు. కాబట్టి 5. ఈ తేడాను టీచర్ బోర్డు మీద పదిసార్లు చెప్పినా ఎక్కనిది, పక్కనున్న స్నేహితురాలు "అది ఈక్వేషన్ కాదే, ఆర్డర్" అన్నప్పుడు ఎక్కుతుంది. పైగా తప్పు చెప్పినవాళ్లు తాము ఒక్కరే కాదని, సగం క్లాసు తమలాగే ఆలోచించిందని తెలుసుకుంటారు. చేతులెత్తించడం కన్నా ఏ, బీ, సీ అట్టముక్కలు ఒకేసారి పైకి చూపించమనడం మంచిది. ఎత్తిన చేతుల్ని చూసి చేతులెత్తే అలవాటు అందరికీ ఉంటుంది.

సిస్టమ్స్ సరిపోని చోట ఇంకో ఉపాయం ఉంది. న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో ప్రచురించిన పద్ధతి ఇది. నడిచే ప్రోగ్రాంను లైనుకో ముక్కగా కత్తిరించి కలిపేస్తారు. ముగ్గురికి ఒక కవరు ఇచ్చి వరసలో పేర్చమంటారు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం అనుకోండి, అంటే 1 నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నింటినీ వరసగా గుణించేది. ఫ్యాక్ట్ ఈక్వల్స్ 1 అన్న ముక్కను లూప్ (మళ్లీ మళ్లీ నడిచే భాగం) బయట పెట్టాలా లోపల పెట్టాలా అన్నదగ్గర తప్పకుండా గొడవ మొదలవుతుంది. లోపల పెడితే ప్రతి చుట్టులోనూ మళ్లీ 1 అవుతుంది, చివరికి చివరి అంకె మాత్రమే మిగులుతుంది. 5కి 120 రావాల్సింది 5 వస్తుంది. టైపింగ్ లేదు, సెమికోలన్ టెన్షన్ లేదు. కాగితం ముక్కను ఎవరైనా జరపొచ్చు. కీబోర్డు దగ్గర నోరెత్తని పిల్లలు ఇక్కడ వాదిస్తారు.

ఎక్కువ తెలిసిన విద్యార్థి సంగతి కూడా ఆలోచించాలి. క్లాసులో ఒకరు లేచి పాయింటర్ల లాంటి పై స్థాయి సంగతుల గురించీ, తాను యూట్యూబ్‌లో చూసినదాని గురించీ ప్రశ్న అడుగుతుంటే, వినేవాళ్లకు అది ప్రశ్నలా వినిపించదు, "నీకు ఇది కూడా తెలియదా" అని వినిపిస్తుంది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ 2006 ప్రాంతంలో మొదటి కోర్సును పైథాన్‌లోకి మార్చి, అంతకుముందు ప్రోగ్రామింగ్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ వేరే సెక్షన్లు పెట్టింది. దాంతోపాటు అక్కడి అధ్యాపకులు అలాంటి విద్యార్థిని పక్కకు పిలిచి, "నీ ఉత్సాహం నాకు చాలా నచ్చింది, ఈ చర్చ మనిద్దరం విడిగా చేద్దాం, క్లాసులో మిగతావాళ్లు బెదిరిపోతున్నారు" అని నెమ్మదిగా చెప్పేవారు. అవమానించలేదు, ఉత్సాహం చంపలేదు. కొన్నేళ్లలోనే అక్కడ కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లలో అమ్మాయిలు 10 శాతం నుంచి 40 శాతానికి చేరారు. మన స్టాఫ్ రూముల్లో ఖర్చులేకుండా రేపటి నుంచే మొదలుపెట్టగలిగినది ఇదే.

సెక్షన్లు వేరు చేయడం మాత్రం జాగ్రత్తగా చేయాలి. హార్వీ మడ్‌లో రెండు సెక్షన్లూ ఒకే గమ్యానికి చేరేవి. మన దగ్గర కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ ఫైళ్ల కోసం "స్లో లెర్నర్స్" జాబితా తయారుచేసి, సాయంత్రం రెమెడియల్ క్లాసు పెట్టి, పాత పాఠమే మళ్లీ చెబుతాం. ఆ జాబితాలో పేరున్నట్టు పిల్లలకు తెలుస్తుంది. 1970ల చివర్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో కాల్క్యులస్ చెప్పిన యూరీ ట్రైస్‌మన్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా వెళ్లారు. నల్లజాతి విద్యార్థులు ఎంతో కష్టపడుతున్నా ఒంటరిగా చదువుతున్నారనీ, చైనా మూలాలున్న విద్యార్థులు విడిగా చేసుకుని తర్వాత కూడి సరిచూసుకుంటున్నారనీ ఆయన గమనించారు. అందుకే వర్క్‌షాపులు పెట్టి, అక్కడ తేలిక లెక్కలకు బదులు కష్టమైనవే ఇచ్చి, కలిసి కుస్తీ పట్టమన్నారు. వెనకబడినవాళ్లకు సాయం అని పిలవలేదు. వాళ్లు బాగా రాణించారు. నాకు ఇందులో నచ్చింది ఆ గౌరవం.

కాపీకీ సాయానికీ మధ్య గీత

కలిసి చేయమంటే కాపీ కొడతారన్నది లెక్చరర్లందరి భయం. భయంలో నిజముంది. కానీ మనం గీత ఎక్కడుందో చెప్పం, దాటాక మాత్రం తిడతాం. హార్వర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సైన సీఎస్50లో ఒక నియమం ఉంది: సాయం అడిగేటప్పుడు నీ కోడ్ ఇంకొకరికి చూపించవచ్చు, వాళ్ల కోడ్ నువ్వు చూడకూడదు. ఒక్క వాక్యంలో ఎంత స్పష్టత! అమెరికాలో ఇంకొన్ని కోర్సుల్లో, ఎంతసేపైనా చర్చించుకోండి, కానీ రాసుకున్న కాగితాలు అక్కడే పారేసి, ఓ అరగంట ఏ టీవీనో చూసి, ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని రాయండి అంటారు. అరగంట తర్వాత కూడా గుర్తున్నదే అర్థమైనట్టు. ఈ రెండింటిలో ఏదో ఒకటి అబ్జర్వేషన్ మొదటి పేజీలో తెలుగులో రాయించాలి.

మార్కులు కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. ప్రోగ్రాం నడిచినందుకు గ్రూపు మొత్తానికి ఒకే మార్కు. దాన్ని వివరించినందుకు ఎవరి మార్కు వారిది. వైవాలో "ఈ ప్రోగ్రాం ఏం చేస్తుంది?" అని అడిగితే బట్టీ పట్టిన జవాబు వస్తుంది. "ఇదే లూప్ వెనక నుంచి ముందుకు నడవాలంటే ఏ లైను మారుస్తావు?" అని స్క్రీన్ ముందే అడిగితే నిజం తెలుస్తుంది. ఎవరిని ఏ లైను అడుగుతారో ముందు చెప్పకూడదు. అలా చేస్తే గ్రూపులో మిగతావాళ్లు కూడా వచ్చినవాడి దగ్గర అడిగి నేర్చుకుంటారు. ఒకరు జవాబు చెప్పలేకపోతే ఆ శిక్ష గ్రూపంతటికీ వేయకూడదు. వేస్తే వచ్చే సెమిస్టర్ ఆ విద్యార్థిని ఎవరూ తమ బ్యాచ్‌లో చేర్చుకోరు.

చూపు లేని విద్యార్థి ఒకరున్నా జంట పద్ధతిలో ఒక మార్పు తప్పనిసరి. "ఇక్కడ చూడు, అక్కడ బ్రాకెట్ లేదు" అని వేలు పెట్టి చూపించడం మానేసి "14వ లైను చివర" అనాలి. స్క్రీన్‌లోని అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. పైథాన్‌లో ఏ లైను ఎంత లోపలికి జరిగిందో మాటతోనో శబ్దంతోనో తెలిపే సెట్టింగ్ అందులో ఉంది. ఫ్లోచార్ట్ గీయమన్న చోట మెట్లమెట్లుగా రాసిచ్చినా ఒప్పుకోవాలి. లైను నంబర్ చెప్పే అలవాటు చూపున్నవాళ్ల మాటల్ని కూడా సూటిగా చేస్తుంది.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని లేటరల్ ఎంట్రీ విద్యార్థులు. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరతారు. అప్పటికే క్లాసులో స్నేహాలు, వాట్సాప్ గ్రూపులు, బ్యాచ్‌లు అన్నీ ఏర్పడి ఉంటాయి. జేఎన్‌టీయూ కాలేజీల్లో వీళ్ల హాల్ టికెట్ నంబర్‌లో 5ఏ అని ఉంటుంది, కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. హాల్ టికెట్ వరసలో ల్యాబ్ బ్యాచ్‌లు, ప్రాజెక్టు బ్యాచ్‌లు వేస్తే వీళ్లంతా చివర్లో ఒకే చోట పడతారు. ఎవరూ అనుకుని చేయని వెలి ఇది, ఒక క్లర్కు ఎక్సెల్ షీటులో తయారవుతుంది. వీళ్లకు మ్యాథ్స్ కొంత కష్టమవుతుంది, నిజమే. కానీ మూడేళ్ల ల్యాబుల అనుభవం, చేతిపని ధైర్యం వీళ్ల దగ్గర ఉంటాయి. డిప్లొమాలో ప్రాజెక్టు, ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసి వస్తారు. సెకండియర్ మొదటి వారంలోనే నంబర్ వరస పక్కనపెట్టి వీళ్లను అన్ని బ్యాచ్‌లలోకీ సర్దాలి, మొదటి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో వీళ్లనే ముందుగా డ్రైవర్ కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు వచ్చేసరికి ఈ అలవాట్లు ఉన్న బ్యాచ్‌కీ లేని బ్యాచ్‌కీ తేడా గైడ్‌కు రెండో రివ్యూలోనే తెలుస్తుంది. లేని చోట ఒకరు చేస్తారు, ముగ్గురు చూస్తారు, లేదా బయట కొనుక్కొస్తారు. రివ్యూకు మూడు విషయాలు అడగండి: ఒకటి, డాక్యుమెంటేషన్ ఈ నెల ఎవరిది, పోయిన నెల ఎవరిది; రెండు, కోడ్‌లో ఎవరు ఏం మార్చారో నమోదు చేసే గిట్‌లో నలుగురి పేర్ల మీదా కమిట్లు (చేసిన మార్పులు) ఉన్నాయా; మూడు, ఈ వారం నలుగురూ పగటిపూట కలిసి కూర్చున్నది ఎప్పుడు. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, ప్రాజెక్టు ల్యాబ్‌ను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ బ్యాచ్ కోసం తెరిపించండి.